శాస్త్రజ్ఞుల కథల్లో మూల్యం చెల్లించింది ఎవరు? ముందు ఏది చదవాలో ఒక పోలిక

సైన్సు మనిషిని ఏం చేస్తుందో చూపించే మంచి కథ ఒకటి చెప్పమంటే చాలామంది తడుముకోకుండా చెప్పే పేరు ఫ్రాంకెన్‌స్టైన్. అది గొప్ప నవలే. కానీ అడిగిన మనిషి ఎవరో, ఏ ఆలోచనతో అడుగుతున్నారో చూడకుండా అందరికీ అదే చెబితే చాలామంది మధ్యలోనే పక్కన పెట్టేస్తారు. ల్యాబ్‌లో రాత్రింబవళ్లు గడుపుతూ ఇంటికి ఫోన్ చేయడం కూడా తగ్గించేసిన పీహెచ్‌డీ విద్యార్థినికి కావలసిన కథ వేరు. హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ నడిపే కంపెనీలో కొత్తగా చేరిన ఫార్మసీ కుర్రాడికి కావలసింది వేరు. హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారికి కావలసింది ఇంకొకటి.

అందుకే ఈ కథలను భౌతికశాస్త్రం, వైద్యం, జన్యుశాస్త్రం అని విడదీసి చూడడం వల్ల లాభం లేదనిపిస్తుంది. నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. కనిపెట్టినదానికి మూల్యం చెల్లించింది ఎవరు: శాస్త్రజ్ఞుడా, ఇంట్లోవాళ్లా, ప్రయోగానికి దొరికినవాళ్లా? అలా చెల్లించిన మనిషికి ఆ కథలో నోరు ఉందా? శాస్త్రజ్ఞుడి పశ్చాత్తాపం మీద నడిచే కథలంటే నాకు గౌరవమే. అయితే పశ్చాత్తాపపడే తీరిక కూడా దొరకని వాళ్లను మర్చిపోని కథలే ఎక్కువ కాలం మనసులో ఉంటాయని నా గట్టి నమ్మకం. కింద చెప్పేదంతా ఆ మొగ్గుతోనే ఉంటుంది. ముగింపులు చెప్పకుండా వీటిని పోల్చడం కుదరదు కాబట్టి కొన్నిచోట్ల కథ బయటపడుతుంది.

ఫ్రాంకెన్‌స్టైన్: సినిమాల్లో చూసింది మర్చిపోయి చదవాలి

1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున ఈ కథ మొదలుపెట్టేనాటికి మేరీ షెల్లీకి 18 ఏళ్లు. 1818లో రచయిత్రి పేరు లేకుండా అచ్చయింది. మెడలో బోల్టులున్న మూగ రాక్షసుడు సినిమావాళ్ల సృష్టి. నవలలో ఆ ప్రాణి మాట నేర్చుకుంటుంది, పుస్తకాలు చదువుతుంది, తనను తయారుచేసినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి నిలదీస్తుంది. ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది దాని పేరు కాదు, తయారుచేసిన విక్టర్ ఇంటిపేరు. దానికసలు పేరే లేదు.

దేవుడి పనిలో మనిషి వేలు పెట్టకూడదన్న నీతి చెప్పే కథగా దీన్ని అందరూ చెప్పుకుంటారు. నిదానంగా చదివితే విక్టర్ తప్పు ప్రాణం పోయడంలో కన్నా, పోసిన మరుక్షణం భయపడి గదిలోంచి పారిపోవడంలో ఎక్కువగా కనిపిస్తుంది. అంతకంటే ఘోరమైనది జస్టిన్ ఘట్టం. జస్టిన్ ఆ ఇంట్లో పనిచేస్తూ ఇంటిమనిషిలా పెరిగిన పిల్ల. విక్టర్ చిన్న తమ్ముడు విలియం హత్యకు గురవుతాడు. వాడి మెడలో ఉండాల్సిన చిన్న పటం జస్టిన్ బట్టల్లో దొరుకుతుంది. మతగురువు నరకం పేరు చెప్పి వేధిస్తే ఆ పిల్ల చేయని నేరం ఒప్పుకుంటుంది. హంతకుడు ఎవరో విక్టర్‌కు తెలుసు. విచారణ జరుగుతుంటే అక్కడే కూర్చుని ఉంటాడు. చెబితే పిచ్చివాడంటారని నోరు విప్పడు. పైగా ఆమె పడుతున్న బాధ తన బాధతో సాటిరాదని మనతో అంటాడు! ఉరి పడేది ఆమెకు, పేజీలు నిండేది విక్టర్ దుఃఖంతో. షెల్లీ దీన్ని తెలిసే రాసిందని నేను నమ్ముతాను. విక్టర్ మాటలకు జాలిపడుతూ పోయే పాఠకుణ్ణి ఆమె అక్కడ పరీక్షిస్తుంది.

కొనేముందు ఒక సంగతి చూసుకోండి. 1831లో షెల్లీయే నవలను మార్చి రాసింది. ఆ పాఠంలో విక్టర్‌ను విధి లాక్కెళ్లినట్టు ఎక్కువగా అనిపిస్తుంది. 1818 పాఠంలో నిర్ణయాలు చాలావరకు అతని చేతిలోనే ఉన్నాయి. చవకగా దొరికే ప్రతుల్లో ఎక్కువ 1831వే. బాధ్యత అన్న ప్రశ్న కోసం చదివేవాళ్లు 1818 పాఠం అని అట్ట మీద ఉన్నది వెతకడం మంచిది. కృత్రిమ మేధ మీదో, జన్యు సవరణ మీదో పనిచేసేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. తయారుచేయడం వరకూ ఉత్సాహపడి, ఆ తర్వాత దాన్ని చూసుకునే భారం ఎవరిదో ఆలోచించని మనుషులు ఈ నవలలో తమ ముఖం చూసుకోగలరు. పాత ఇంగ్లీషు, ఉత్తరాల్లో చెప్పే కథ, కొండల వర్ణనలు విసుగు పుట్టిస్తాయనుకుంటే మాత్రం ఇది మొదటి పుస్తకం కాదు.

ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నాన్: ప్రయోగానికి దొరికినవాడే కలం పట్టాడు

ఒక్కటే చదువుతాను, ఒక్కటే చెప్పండి అంటే నేను చెప్పేది డేనియల్ కీస్ రాసిన ఈ పుస్తకం. ఫ్రాంకెన్‌స్టైన్‌లో ప్రాణికి నోరుంది కానీ దాని మాటలు విక్టర్ మాటల లోపల నుంచి మనకు వినిపిస్తాయి. ఇక్కడ మధ్యవర్తి లేడు. బేకరీలో ఊడ్చి తుడిచే పని చేసే చార్లీ గోర్డన్, ఐక్యూ 68, తెలివి పెంచే ఆపరేషన్‌కు ముందూ తర్వాతా తానే రాసుకున్న రిపోర్టులే ఈ పుస్తకం. మొదటి పేజీల్లో ప్రతి మాటలో స్పెల్లింగ్ తప్పు. పోనుపోను తప్పులు తగ్గుతాయి, వాక్యాలు పెరుగుతాయి, తనకు ఆపరేషన్ చేసిన డాక్టర్లే అందుకోలేని ఎత్తుకు వెళ్తాడు. తర్వాత అవే తప్పులు ఒక్కొక్కటిగా వెనక్కి వస్తాయి. ఏ డాక్టరూ వచ్చి పరిస్థితి చెప్పనక్కర్లేదు, అక్షరాలు చూస్తుంటేనే మనకు గుండె బరువెక్కుతుంది.

చికాగో సభ ఘట్టం ఈ విషయం మీద నాకు తెలిసిన అన్ని సన్నివేశాల్లోకీ బలమైనది. ప్రొఫెసర్ నీమర్ వేదిక మీద తన ప్రయోగం గురించి చెబుతుంటాడు. ఆపరేషన్‌కు ముందు చార్లీ అనే మనిషే లేనట్టు, తానే కొత్తగా పుట్టించినట్టు మాట్లాడతాడు. ఆ చార్లీ అదే వేదిక మీద కూర్చుని వింటున్నాడు. పక్కన బోనులో ఆల్జెర్నాన్, అదే ఆపరేషన్ తనకన్నా ముందు చేయించుకున్న ఎలుక. చార్లీ బోను తెరిచేస్తాడు, హాలంతా గోల, ఆ గోలలో ఎలుకను జేబులో వేసుకుని వెళ్లిపోతాడు. నీమర్‌ను కీస్ దుర్మార్గుడిగా చూపించలేదు. పేరు రావాలన్న తొందర, డబ్బు ఇచ్చినవాళ్లకు జవాబు చెప్పుకోవాలన్న టెన్షన్, ఇంట్లో భార్య ఒత్తిడి, అన్నీ మనకు తెలిసిన మామూలు సంగతులే. అందుకే భయం వేస్తుంది.

చార్లీ ఆపరేషన్‌కు అనుమతి సంతకం పెట్టింది అతని చెల్లెలు. ఏళ్ల తరబడి అన్నను చూడని చెల్లెలు. ఈ వివరం నవలలో ఒక్క ముక్కలో వచ్చి పోతుంది, కానీ తెలుగువాళ్లం దాని దగ్గర ఆగాలి. 2009లో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టును 2010లో ఆపేశారు. చాలా అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని విచారణలో తేలింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే మంచి టీకా అది, ఆ మాటలో సందేహం అక్కర్లేదు. మంచి మందు కాబట్టి సంతకం ఎవరు పెడితే ఏమైందిలే అన్న ఆలోచన దగ్గరే గొడవంతా ఉంది. క్లినికల్ ట్రయల్స్‌లో పనిచేయబోయేవాళ్లకు శిక్షణ పుస్తకాలతో పాటు ఇది కూడా చేతికివ్వాలని నా కోరిక.

దీనికి రెండు రూపాలున్నాయి. 1959లో పత్రికలో వచ్చిన పెద్ద కథ ఒకటి, 1966లో వచ్చిన నవల ఒకటి. ఒక్క సాయంత్రంలో పూర్తి కావాలన్నా, హైస్కూలు పిల్లల చేత చదివించాలన్నా కథ చాలు. దెబ్బ సూటిగా తగులుతుంది. నవలలో చార్లీ తల్లి, చెల్లెలు, చిన్నప్పటి అవమానాలు, ప్రేమలు అన్నీ వస్తాయి. లైంగిక ప్రస్తావనలు ఉన్నాయి కాబట్టి పిల్లలకు ఇచ్చే ముందు టీచర్లు ఒకసారి చదువుకోవాలి. చికాగో సభ కోసం, సంతకం కోసం నాకు నవలే ఎక్కువ.

యారోస్మిత్: ఊరు చచ్చిపోతుంటే లెక్క తప్పకూడదా?

పరిశోధనలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా వైద్య పరిశోధనలో ఉన్నవాళ్లు, మిగతా అన్నిటికన్నా ముందు చదవాల్సింది సింక్లెయిర్ లూయిస్ 1925లో రాసిన ఈ నవల. పాల్ డి క్రైఫ్ అనే సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు పక్కన ఉండి సాయం చేశాడు. అందుకే ఇందులో ల్యాబ్ నిజమైన ల్యాబ్‌లా ఉంటుంది: ఫలించని ప్రయోగాలు, పేపరు ముందు ఎవరు అచ్చు వేస్తారన్న పోటీ, గ్రాంట్ల కోసం పెద్దల ముందు నవ్వు ముఖాలు.

మార్టిన్ యారోస్మిత్ బ్యాక్టీరియాను చంపే ఫేజ్ అనే వైరస్ ఒకటి కనిపెడతాడు. కరీబియన్‌లోని ఒక దీవిలో ప్లేగు చెలరేగుతుంది. గురువు గాట్లీబ్ మాట ఒక్కటే: సగం మందికి మందు ఇవ్వు, సగం మందికి ఇవ్వకు, అప్పుడే అది పనిచేసిందో లేదో తెలుస్తుంది. సైన్సు లెక్కన ఇది న్యాయమే. కోవిడ్ టీకాల ట్రయల్స్‌లో కొందరికి టీకా, కొందరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చింది ఇందుకే. ఇప్పుడు తెలిసిన నిజం రేపు లక్షల మందిని కాపాడుతుంది. కానీ మందు డబ్బాలు పక్కనే పెట్టుకుని, కళ్ల ముందు చచ్చిపోతున్న మనిషికి నీకు లేదు పో అని చెప్పేది ఎలా? మార్టిన్ గట్టిగానే నిలబడతాడు. అందరికీ ఇచ్చేవరకు తానూ వేయించుకోనన్న సహచరుడు సాండీలియస్ ప్లేగుతో చనిపోయినా నిలబడతాడు. తర్వాత భార్య లియోరా పోతుంది. ల్యాబ్‌లో ప్లేగు క్రిములు అంటిన సిగరెట్ తెలియక కాల్చింది. ఆ చావుతో మార్టిన్ విరిగిపోయి అడిగిన అందరికీ మందు ఇచ్చేస్తాడు. లెక్క చెడిపోతుంది. న్యూయార్క్ తిరిగొచ్చాక అతణ్ణి మహానుభావుడని పొగుడుతారు. తన అంకెలు దేనికీ పనికిరావని అతనికొక్కడికే తెలుసు.

ఇక్కడ ఎవరిది తప్పో చెప్పలేక నేను చాలాకాలం కొట్టుకున్నాను. ఇప్పటికీ గాట్లీబ్ చెప్పింది నిజమనే అంటాను, మార్టిన్ చేసింది కూడా కాదనలేను. ఒక కథ మనిషిని ఇలా రెండుగా చీల్చగలిగితే దాన్ని చదవాలి.

లోపాలూ చెప్పాలి. ఆ దీవి జనం, ఎవరి మీద ప్రయోగం జరిగిందో ఆ నల్లజాతి కుటుంబాలు, ఎక్కువగా గుంపుగానే కనిపిస్తాయి. డాక్టర్ మార్చండ్ అనే నల్లజాతి వైద్యుడు ఒకరు తెలివిగా, హుందాగా నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోతాడు. ఆల్జెర్నాన్ ముందు యారోస్మిత్ తేలిపోయేది ఇక్కడే. చివర్లో మార్టిన్ రెండో భార్యను, పసికొడుకును వదిలేసి అడవిలో చిన్న ల్యాబ్ పెట్టుకోవడాన్ని లూయిస్ గెలుపులా చూపించాడు. నాకది గెలుపని అనిపించదు. తండ్రి సత్యం వెతుక్కుంటూ వెళ్లిపోతే ఆ మూల్యం చెల్లించింది మాట రాని బిడ్డ. ఇంటికి ఫోన్ చేయడం తగ్గించేసిన విద్యార్థిని ఈ ముగింపు చదివి రచయితతో పోట్లాడాలని నేను కోరుకుంటాను.

నలుగురు కలిసి చదవాలనుకుంటే నాటకాలు

కాలేజీలో, అపార్ట్‌మెంట్ రీడింగ్ గ్రూపులో పాత్రలు పంచుకుని పైకి చదివితే నాటకాలకు ప్రాణం వస్తుంది. మూడింటిలో ఏది అన్నది మీ ప్రశ్నను బట్టి ఉంటుంది.

అధికారం బెదిరిస్తే శాస్త్రజ్ఞుడు నిజం వెనక్కి తీసుకోవచ్చా అన్నది ప్రశ్నయితే బ్రెక్ట్ రాసిన లైఫ్ ఆఫ్ గెలీలియో. హిట్లర్ నుంచి తప్పించుకుని డెన్మార్క్‌లో ఉండగా 1938లో దీని మొదటి రూపం రాశాడు. అందులో గెలీలియో చర్చి ముందు తలొంచినట్టు నటించి పని సాగించిన నేర్పరి. 1945లో హిరోషిమా మీద బాంబు పడింది. 1947 అమెరికా ప్రదర్శనకు సిద్ధం చేసిన రూపంలో అదే గెలీలియో తనను తానే దోషిగా నిలబెట్టుకుంటాడు. బాంబు పడితే మూడు వందల ఏళ్ల కిందటి మనిషి మీద తీర్పు మారిపోయింది! ఇందులో చిన్న సన్యాసి పాత్ర మాట్లాడే చోటు వదలకండి. అతని తల్లిదండ్రులు పేద రైతులు. దేవుడు తమను చూస్తున్నాడన్న నమ్మకంతో చాకిరీ చేస్తున్నవాళ్లకు, భూమి ఎక్కడో మూలన తిరిగే రాయి అని చెబితే వాళ్ల కష్టానికి అర్థం ఏముంటుందని అడుగుతాడు. గెలీలియో దగ్గర దానికి కోపంతో కూడిన మంచి జవాబే ఉంది. అయినా ఆ ప్రశ్న చెవిలో మోగుతూనే ఉంటుంది.

ప్రమాదకరమైనది కనిపెట్టినవాడు దాన్ని దాచేస్తే సరిపోతుందా అన్నది ప్రశ్నయితే డ్యూరెన్‌మాట్ 1962 నాటకం ద ఫిజిసిస్ట్స్. తన సిద్ధాంతం లోకాన్ని నాశనం చేస్తుందని భయపడి మోబియస్ పిచ్చివాడిలా నటిస్తూ ఆస్పత్రిలో దాక్కుంటాడు. ఆ గుట్టు కాపాడడానికి తనను ప్రేమించిన నర్సు మోనికాను గొంతు నులిమి చంపుతాడు. మానవాళిని కాపాడేవాడు ఎదురుగా ఉన్న ఒక్క మనిషిని చంపాడు, పైగా దాచింది దాగలేదు. చిన్న నాటకం, పాత్రలు గమ్మత్తైనవి, విద్యార్థులకు బాగా నచ్చుతుంది.

కోపెన్‌హాగన్, మైకేల్ ఫ్రేన్ 1998లో రాసింది, ముగ్గురికే సరిపోతుంది: అణుశాస్త్రజ్ఞుడు నీల్స్ బోర్, ఆయన భార్య మార్గరెట్, బోర్ శిష్యుడైన జర్మన్ శాస్త్రజ్ఞుడు హైజెన్‌బర్గ్. 1941లో జర్మనీ ఆక్రమించిన నగరానికి శిష్యుడు గురువును చూడడానికి ఎందుకొచ్చాడన్నదే కథ. ఫిజిక్స్ మీద కొంచెం ప్రేమ లేకపోతే కష్టం. ఉంటే మాత్రం, పడవ మీద నుంచి సముద్రంలో పడి పోయిన బోర్ పెద్దకొడుకు ప్రస్తావన మళ్లీ మళ్లీ వచ్చేటప్పుడు చదువుతున్నవాళ్ల గొంతు తడబడుతుంది.

మన దేశంలో జరిగినవి

నవల చదివే ఓపిక లేనివాళ్లకు తపన్ సిన్హా 1990 హిందీ సినిమా ఏక్ డాక్టర్ కీ మౌత్. పంకజ్ కపూర్ కుష్ఠు వ్యాధికి టీకా కనిపెట్టిన డాక్టర్, షబానా ఆజ్మీ భార్య. పగలు ఆస్పత్రి, రాత్రి ఇంట్లోనే ల్యాబ్. కనిపెట్టాక పై అధికారుల అసూయ, నోటీసులు, మారుమూల ఊరికి బదిలీ. పై కథలన్నిటికీ ఇది తిరగేసిన ప్రశ్న వేస్తుంది: సైన్సు సమాజాన్ని ఏం చేసిందని కాకుండా, సమాజం సైన్సు చేసేవాణ్ణి ఏం చేసిందని. దీని వెనక నిజమైన మనిషి ఉన్నాడు. కలకత్తా డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో 1978 అక్టోబర్ 3న దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది. ప్రపంచంలో మొదటి బిడ్డ లూయీ బ్రౌన్ పుట్టి అప్పటికి సరిగ్గా పది వారాలే. ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాట నమ్మలేదు. విదేశాల్లో పేపరు చదవడానికి పోనివ్వలేదు. కంటి విభాగానికి బదిలీ చేశారు. 1981 జూన్‌లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. 1986లో పుట్టిన బిడ్డతో దేశంలో తొలి ఘనత దక్కిన శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనంద్‌కుమార్, ఆ తర్వాత సుభాష్ నోట్సు చదివి, మొదటివాడు ఆయనే అని 1997లో బహిరంగంగా రాశాడు. తన పేరు మీదున్న ఘనతను తన చేత్తోనే ఇంకొకరికి ఇచ్చిన మనిషి ఆయన. సినిమాలో లేని ఆ భాగం కూడా పిల్లలకు చెప్పండి.

భార్య పాత్ర కోసమైనా ఈ సినిమా చూడాలి. భర్త గొప్ప పని చేస్తున్నాడని తెలుసు, తనను గమనించడం లేదనీ తెలుసు. యారోస్మిత్‌లో లియోరా నవ్వుతూ భరించినదాన్ని షబానా ఆజ్మీ ముఖం ఎక్కడా దాచదు.

హైదరాబాద్‌వాళ్లకు మాత్రం అమితవ్ ఘోష్ 1995 నవల ద కలకత్తా క్రోమోజోమ్ మీద ప్రత్యేకమైన హక్కు ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఆయనకు 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలు ఎవరిని కుట్టాయో తెలుసా? హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. దోమకు ఒక అణా లెక్కన కూలి. అంతకు రెండేళ్ల ముందు, దోమలు చచ్చిన నీళ్లు తాగితే మలేరియా వస్తుందన్న ఊహ నడుస్తున్న రోజుల్లో, లచ్మన్ అనే ఆరోగ్యవంతుడైన యువకుడి చేత రాస్ అలాంటి నీళ్లు తాగించాడు. అతనికి జ్వరం వచ్చింది. ఇవి రాస్ స్వయంగా రాసి పెట్టుకున్న సంగతులే.

ఘోష్ ఆ లచ్మన్‌ను పట్టుకుని కథ మొత్తం తిరగేశాడు. రాస్ కనిపెట్టలేదు, అతని చేత కనిపెట్టించారు. ఊడ్చేవాళ్లు, నౌకర్లు, ఎవరి పేర్లూ చరిత్రలో లేనివాళ్లు, తమ పని కోసం దొరగారిని నడిపించారు. ఇది కల్పన, నవల నవలగానే చదవాలి. కథ ముందుకీ వెనక్కీ దూకుతుంది, సమాధానాలు చేతిలో పెట్టదు, మొదటి వంద పేజీలు ఓర్చుకోవాలి. అయినా అణాకు దోమ కుట్టించుకున్న మనిషి ఏమనుకుని ఉంటాడన్న ఆలోచన రానివ్వడమే పెద్ద పని. సికింద్రాబాద్ చరిత్ర తెలిసినవాళ్లు ఆల్జెర్నాన్ కన్నా ముందే దీన్ని ఎత్తుకున్నా నేను అడ్డు చెప్పను.

ఒక జాగ్రత్త. ఇంట్లో పెద్దవాళ్లకు మతిమరుపు జబ్బు ముదురుతున్న రోజుల్లో ఆల్జెర్నాన్ చదవకండి, చివరి యాభై పేజీలు తట్టుకోవడం కష్టం. పై అధికారుల వేధింపుల్లో నలుగుతున్న రీసెర్చ్ స్కాలర్‌కు ఏక్ డాక్టర్ కీ మౌత్ ఒంటరిగా చూడమని చెప్పకండి, పక్కన కూర్చుని మీరూ చూడండి. అలాంటివాళ్లకు ముందుగా యారోస్మిత్ ఇవ్వడం మేలు. అందులో ఎంత దుఃఖం ఉన్నా, ల్యాబ్‌లో ఒక రాత్రి అనుకున్నది అనుకున్నట్టు జరిగినప్పుడు కలిగే ఆనందం కూడా అంతే నిజాయితీగా ఉంది.